గవాక్షి

కార్తీకం సగానికొచ్చింది.
పలమనేరు బస్సుకు పొద్దున ఏడైనా లైట్లు ఆర్పడం లేదు.
మా ఇంట్లో ఉండే ఒకేఒక థర్మామీటరు
పట్టుపురుగుల మిద్దెలో మేకుకు వేలాడతా ఉంది.
వాటికి ఇరవై ఐదు ఉండాల.
మనుషులకు ఎంతుండాలో ఎవురూ చెప్పిపోలేదు.

మట్టిమిద్దెలో అవి, రేకుల కింద మేము.
మూడేండ్ల నాడు మంచాలు మోసుకొని బయటికొచ్చినాము,
వెచ్చనిది వాటికని.

ఈతూరి చలి కంటే ముందే మొదలుపెట్టినా.
తలుపు సందుల్లో, దూలం కింద బొరియల్లో
పాత చీర పేలికలు పేడమట్టిలో ముంచి కుక్కినా.
ఒకటి నా సీమంతానిది. నూలుదే.
కిటికీలకు యూరియా సంచులు విప్పి కుట్టినా,
సూది రెండుమార్లు విరిగింది.
సున్నం కొట్టినా. తట్టలు ఎండకేసినా.
తుమ్మబొగ్గులు రెండు మూటలు,
కుంపట్లు మూడు, ఒకటి చిల్లుది.

మా మునస్వామి తయారీ వేరే:
కోతిటోపీ ఒకటి కొని, అద్దంలో చూసుకొని
'ఇంక రానీ చలిని' అన్నాడు.

నా తయారీ అంటారా,
ఉలవకట్టులో మిరియాలు ఎక్కువ నూరతా ఉండా.
మడమల పగుళ్లకు ఆముదంలో మైనం కరిగించి పెట్టినా.
శొంఠి ఉంది. వామాకు తొట్టిలో ఉంది.
అయినా మంచు దిగినాక
నా రొమ్ములో పిల్లి ఈనుతుంది, ఏటేటా,
తెల్లారుజామున కూనలన్నీ ఒక్కసారే కూస్తాయి.

ఆశా కార్యకర్త దిల్షాద్ పుస్తకం తెరిచి అడిగింది:
'ఎట్లుంది?'
'రెండో జ్వరం దాటినాయి, బాగా తింటా ఉండాయి' అన్నా.
ఆయమ్మ పెన్ను ఆపి నా పక్క చూసింది.
'నేనడిగింది నిన్ను.'

పురుగుకు నాలుగు జ్వరాలు.
ఒక్కో జ్వరానికి తల పైకెత్తి
సామి ముందర నిలబడినట్టు కదలకుండా ఉండిపోతుంది.
అప్పుడు మల్బరీ ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు,
పిల్లోళ్లను కూడా గట్టిగా అరవనీము.
పాత చర్మం వదిలినాక లేస్తుంది.
నాకు జ్వరమొచ్చిన దినం
సంగటి గెలికి, ఆకు కోసి, తట్టలు మార్చి
రాత్రి పదికి పడుకున్నా.
అది జ్వరమని మరుసటి దినం తెలిసింది.

'కుంపటి కాడ ఎంతసేపుంటావు?' అనింది దిల్షాద్.
రాత్రంతా, చెప్పినా. తలుపేసుకొని.
'పైన గవాక్షి?'
అది మూయడానికే ఇంకొక పేలిక మిగిల్చి పెట్టుకున్నా.
ఆ మాట చెప్పలేదు.

పోయిన మార్గశిరంలో
మా వెనకింటి చెంగల్రాయుడు అన్నీ మూసినాడు.
గవాక్షి మీద బండ కూడా పెట్టినాడు.
తెల్లారి తలుపు తోస్తే
తట్టల్లో సద్దు లేదు.
గడప కాడ ఆయప్ప,
చెయ్యి గడియ దాకా పోయి ఆగిపోయినట్టు.
బతికినాడు.
పురుగులెన్ని పోయినాయో లెక్క చెప్తాడు,
బిడ్డ పుట్టిన నెల మాత్రం పెండ్లాన్ని అడుగుతాడు.

ఈ సాయంత్రం నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కినా.
చేతిలో పేలిక, తడి మట్టి.
కింద నుంచి బొగ్గు వాసన, ఆకు వాసన,
గవాక్షిలో నా మొహానికి వెచ్చగా తగిలింది
ఎవురో నిద్రలో ఊపిరి వదిలినట్టు.
పైన చుక్కలు అప్పుడే పదునెక్కతా ఉండాయి.
పేలిక మడిచి నడుములో దోపుకున్నా.
మూత కింద కానుగ పుల్ల అడ్డం పెట్టినా,
నాలుగు వేళ్లెత్తు.

దిగొచ్చి చూస్తే ఇరవై నాలుగు.
పురుగులు తింటానే ఉండాయి.
ఆ ఒక్క డిగ్రీ నేను తీసుకున్నా.

గురువారం ఆసుపత్రికి రమ్మనింది దిల్షాద్,
పీల్చే మందు ఇప్పిస్తానని.
పొద్దున ఆకు కోసినాక పోవాల.
మునస్వామినడిగి
ఆ కోతిటోపీ పెట్టుకొని పోతా.